కూర ముందు, బువ్వ తర్వాత

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. మాది కాజీపేట. ఇంట్లోనే బట్టలు కుడతాను. షుగర్ వచ్చి ఆరేళ్లయింది. పొద్దున గ్లిమెపిరైడ్ 1, రెండు పూటలా మెట్‌ఫార్మిన్ 500 వేసుకుంటున్నాను. పోయిన నెల పరీక్షలో పరగడుపున 118, తిన్నాక 246 వచ్చింది. మూడు నెలల షుగర్ 7.8. డాక్టరు వోగ్లిబోస్ అని ఇంకో మాత్ర రాశారు. మాత్రలు పెంచుకుంటూ పోవాలంటే భయమేసి ఇంకా మొదలుపెట్టలేదు. మా పక్కింటామె ఒక పౌడర్ డబ్బా తెచ్చింది, 2,400 రూపాయలు. పొడపత్రి, సప్తరంగి అనే మూలికలు, మెంతులు, క్రోమియం ఉన్నాయట. తిన్నాక పెరిగే షుగర్‌ను పోషకాలతోనే తగ్గించుకోవచ్చు, మాత్ర అక్కర్లేదు అంటోంది. నిజమేనా? పొద్దున రాగి జావ తాగుతాను. మధ్యాహ్నం అన్నం, పప్పుచారు. రాత్రి నాలుగు చపాతీలు, ఆలుగడ్డ కూర. స్వీట్లు ముట్టను. అన్నం పూర్తిగా మానేయాలా?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: అక్కా, మీ ఉత్తరంలో ‘స్వీట్లు ముట్టను’ అన్న చోట కాసేపు ఆగిపోయాను. ఆరేళ్లు నోరు కట్టుకుని, చివరికి కాగితం మీద 246 చూస్తే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. మీరు ఏమరుపాటుగా లేరు. మీరు కాపలా కాసిన దారి ఒకటి, షుగర్ వచ్చిన దారి ఇంకొకటి. అది జావలోంచి, అన్నంలోంచి, చపాతీలోంచి వచ్చింది.

పక్కింటామె మాటలో సగం నిజం. తిన్నాక ఎగిరే షుగర్‌ను కొన్ని పోషకాలు నిజంగానే కిందికి దించుతాయి. వాటికోసం డబ్బా కొననక్కర్లేదు. మీ వంటింట్లోనే ఉన్నాయి. కాకపోతే మీ కంచంలోకి తక్కువగా వస్తున్నాయి, వచ్చినా ఆఖర్న వస్తున్నాయి. ఇక మాత్ర అక్కర్లేదన్న రెండో సగం మాత్రం నిజం కాదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు మీ రిపోర్టు చూద్దాం. పరగడుపున 118 అంటే మంచి అంకె. షుగర్ ఉన్నవాళ్లకు 80 నుంచి 130 మధ్య ఉంటే చాలంటారు. తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు 180 దాటకూడదు. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష చాలామందికి 7 లోపు ఉండాలి. మీకు పరగడుపున బాగానే ఉండి సగటు 7.8 వచ్చిందంటే, ఆ ఎక్కువంతా భోజనాల తర్వాతే జమవుతోందన్నమాట. ఒక చిన్న అనుమానం కూడా తీర్చుకోండి. ఆ రెండు గంటలు ఎప్పటినుంచి లెక్కపెట్టారు? చాలామంది చెయ్యి కడుక్కున్నప్పటినుంచి లెక్కపెడతారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటినుంచి లెక్కపెట్టాలి.

తిన్నాకే ఎందుకు ఎగురుతుందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. షుగర్ లేనివాళ్లలో అన్నం కడుపులో పడిన కొద్ది నిమిషాలకే క్లోమం నుంచి ఇన్సులిన్ ఒక్క ఊపున వస్తుంది. తిండి వస్తోంది, నీ దగ్గరున్న చక్కెర వదలడం ఇక ఆపు అని కాలేయానికి అది చెబుతుంది. టైప్ 2 డయాబెటిస్‌లో మొట్టమొదట దెబ్బతినేది ఆ ఊపే. అటు అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వచ్చేస్తుంటుంది, ఇటు కాలేయం ఇంకా వదులుతూనే ఉంటుంది. ఇన్సులిన్ మాత్రం తీరిగ్గా బయల్దేరుతుంది. తిండితో ఇన్సులిన్‌ను తొందరపెట్టడం కష్టం, అన్నాన్ని ఆలస్యం చేయడం మాత్రం మన చేతిలో ఉంది. పీచు, ప్రొటీన్ చేసే పని ఇదే.

పీచులో నీళ్లు తగిలితే జిగటగా మారే రకం ఒకటుంది. బెండకాయ కోస్తుంటే చేతికి అంటుకునే జిగురు అలాంటిదే. మెంతులు రాత్రి నానబెడితే పొద్దుటికి వాటిచుట్టూ పట్టే జారుడూ అంతే. ఇసబ్‌గోల్ నీళ్లలో వేస్తే నిమిషాల్లో గట్టిపడటం చూసే ఉంటారు. ఈ జిగురు కడుపులో అన్నంతో కలిసి దాన్ని చిక్కగా చేస్తుంది. తిండి పేగుల్లోకి మెల్లగా దిగుతుంది, అందులోని చక్కెర రక్తంలోకి ఇంకా మెల్లగా చేరుతుంది. మనం ఇగురు చేసుకునే గోకరకాయ తెలుసు కదా, ఆ మొక్క గింజల నుంచే గ్వార్ గమ్ అనే జిగురు తీస్తారు. తిన్నాక షుగర్ మీద దాని ప్రభావాన్ని శాస్త్రవేత్తలు 1970ల్లోనే పరీక్షించారు. వారానికి రెండు మూడు సార్లు గోకరకాయ వండుకోండి, లేతవైతే ఇంకా మంచిది.

ప్రొటీన్ పని ఇంకోలా ఉంటుంది. గుడ్డో పప్పో ముందుగా కడుపులో పడితే పేగుల నుంచి కొన్ని హార్మోన్లు విడుదలవుతాయి. అవి కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి, ఇన్సులిన్‌నూ కాస్త ముందే లేపుతాయి. నూనె, నెయ్యి కూడా తిండిని నెమ్మదింపజేస్తాయి కానీ, వాటిని మందులా వాడకండి. బగార అన్నం, మటన్ తిన్న రోజు రెండు గంటలకు 160 చూసి సంబరపడి, నాలుగో గంటకు 230 చూసి బెంబేలెత్తినవాళ్లు నాకు తెలుసు. కొవ్వు ఎక్కువైతే షుగర్ ఎగరడం ఆగదు, ఆలస్యంగా ఎగురుతుంది. పైగా బరువు.

మీరు పప్పుచారు తింటున్నారు కాబట్టి ప్రొటీన్ అందుతోందనుకుంటూ ఉండొచ్చు. ఒక్కసారి లెక్కేద్దాం. నలుగురున్న ఇంట్లో పప్పుచారుకు 100 గ్రాముల కందిపప్పు పోస్తారనుకుందాం. అందులో ప్రొటీన్ సుమారు 22 గ్రాములు. దాన్ని పల్చగా కాచి, రెండు పూటలకు సరిపెట్టి, నలుగురికీ పంచితే మీ వంతుకు పూటకు మూడు గ్రాములు కూడా రాదు. ఒక్క కోడిగుడ్డులో ఆరు గ్రాములుంటుంది. అందుకే పప్పుచారును పప్పు ఖాతాలో రాసుకోకండి, అది చారు. గట్టి పప్పు, ఉడకబెట్టిన బొబ్బర్లు, పెసర్లు, శనగలు, గుడ్డు, చేపలు, చికెన్, పెరుగు, వీటిలో ఏదో ఒకటి ప్రతి పూటా ఉండాలి. మన జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మామూలు మనిషికి రోజుకు 85 గ్రాముల పప్పు ధాన్యాలు, 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు చెప్పింది. 400 గ్రాములంటే ఎంతో తక్కెడలో పెట్టి చూడండి. మన ఇళ్లలో అది ఇద్దరు ముగ్గురి కూర.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఎంత తిన్నారన్నదే కాదు, ఏది ముందు తిన్నారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. 2015లో న్యూయార్క్‌లో మెట్‌ఫార్మిన్ వాడుతున్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు రోజులు రెండు వరసల్లో పెట్టి చూశారు. ఒక రోజు బ్రెడ్, పళ్లరసం ముందు ఇచ్చి, పావుగంట తర్వాత చికెన్, కూరగాయలు ఇచ్చారు. ఇంకో రోజు చికెన్, కూరగాయలు ముందు, బ్రెడ్ తర్వాత. కూరలు ముందు తిన్న రోజు అరగంటకు షుగర్ 29 శాతం, గంటకు 37 శాతం తక్కువ ఉంది. 11 మందితో చేసిన చిన్న పరీక్షే. కానీ ఆ తర్వాత ఇతరచోట్ల చేసినవీ ఆ వైపే చూపించాయి. మందు మార్చలేదు, తిండి తగ్గించలేదు, వరస మార్చారంతే.

మనకు దీంట్లో చిక్కేమిటంటే కూర, అన్నం కలుపుకొని తినే అలవాటు. మా అమ్మతో నేను పడిన తిప్పలు చెబుతాను. ఆవిడకూ షుగరే. ఒక ఆదివారం కంచంలో అన్నం పెట్టకుండా బీరకాయ కూర, గట్టి పప్పు, ఉడకబెట్టిన గుడ్డు మాత్రమే పెట్టాను. ఆవిడ కంచం వంక, నా వంక చూసి, “వట్టి కూర ఎట్ల తింటరే, నోరు మండుతది” అంది. ఒక ముద్ద తింటే నాకూ అర్థమైంది. మన కూరల్లో ఉప్పు, కారం, తొక్కులో పులుపు, అన్నీ అన్నాన్ని లెక్కలో పెట్టుకునే వేస్తాం. గుప్పెడు కూరతో గంపెడన్నం లాగించాలని చేసిన వంట అది. అదే ఉప్పుతో వట్టి కూర తినమంటే ఎవరూ తినలేరు, తింటే బీపీకి కూడా మంచిది కాదు.

అందుకని వంటే మార్చాం. ఉప్పు, కారం సగం చేసి, కూర రెండింతలు వండటం మొదలుపెట్టాం. బీరకాయలో పెసరపప్పు, సోరకాయలో శనగపప్పు, తోటకూరలో కొంచెం పల్లీల పొడి. కారం కావాలనుకున్నవాళ్లు కంచంలో తొక్కు వేసుకునేవాళ్లు. పదిరోజులకు నోరు అలవాటు పడింది. ఇప్పుడు అమ్మ ముందు ఒక గిన్నెడు కూర, గుడ్డో పప్పో తింటుంది. పది నిమిషాలాగి అన్నం పెట్టుకుంటుంది. అప్పటికి సగం ఆకలి తీరిపోయి ఉంటుంది కాబట్టి రెండో గంటె అడగదు. మొదటి వారం మీటరు పెట్టి చూశాం. పాత పద్ధతిలో రెండు గంటలకు 224, కొత్త పద్ధతిలో 171. ఇది ఒక్క మనిషి అంకె, మీకు ఇంతే తగ్గుతుందని మాట ఇవ్వను. మీ అంకె మీరే చూసుకోండి.

అన్నం పూర్తిగా మానేయాలా అన్నారు. వద్దక్కా. మానేసినవాళ్లు నెలకు మించి నిలవడం నేను చూడలేదు, ఆ తర్వాత రెట్టింపు తింటారు. కొలవండి చాలు. వండిన అన్నం 150 గ్రాములు, అంటే ఒక మామూలు కప్పు, అందులో పిండిపదార్థం 40 గ్రాములకు కొంచెం ఎక్కువుంటుంది. మధ్యాహ్నానికి అక్కడ మొదలుపెట్టండి. బియ్యం మార్చాలనుకుంటే తెలంగాణ సోనా తీసుకోండి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం అది. తిన్నది ఎంత వేగంగా చక్కెర అవుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ అనే అంకె దీనికి 51 దాకా వచ్చింది. 55 లోపుంటే తక్కువ కింద లెక్క. దుకాణాల్లో దీన్నే షుగర్ ఫ్రీ బియ్యమని అమ్ముతున్నారు. ఆ పేరు నన్ను చాలా కలవరపెడుతుంది. ఏ బియ్యమైనా పిండే, తెలంగాణ సోనా అయినా మూడు కప్పులు తింటే షుగర్ పెరుగుతుంది.

రాత్రి చపాతీల లెక్క కూడా చూడండి. నాలుగు చపాతీలకు సుమారు 120 గ్రాముల పిండి పడుతుంది. అందులో పిండిపదార్థం 75 నుంచి 80 గ్రాములు. 100 గ్రాముల బియ్యంలోనూ దాదాపు అంతే. పైన ఆలుగడ్డ కూర అంటే పిండి మీద పిండి. అన్నం మానేశామన్న తృప్తి తప్ప రక్తానికి పెద్ద తేడా తెలియదు. రెండు చపాతీలకు దిగండి, లేదా ఒకటిన్నర జొన్న రొట్టె. పక్కన మెంతికూర పప్పో గోకరకాయో, మాంసం తినే ఇల్లైతే చికెన్ ముక్కలో ఎక్కువగా పెట్టుకోండి. ఆలుగడ్డ తినాలనిపించిన రోజు ఒక చపాతీ తగ్గించండి.

పొద్దున రాగి జావ గురించి చెబితే మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. రాగులు మంచివే. కానీ వాటిని మెత్తగా పిండి పట్టించి, నీళ్లలో బాగా ఉడికించి, పల్చగా చేసి తాగేస్తే నమలడానికీ అరగడానికీ ఏమీ మిగలదు, గబగబా రక్తంలో కలుస్తుంది. షుగర్ పేషెంట్లకు జావ మంచిదన్న మాట ఇంటింటా పాకిపోయింది, కాదని చెప్పీ చెప్పీ నా గొంతు పోతోంది. దాని బదులు పొట్టు పెసర్లతో రెండు పెసరట్లు, పల్లీ చట్నీ తినండి. లేదా రెండు గుడ్లు, ఒక చిన్న జొన్న రొట్టె. జొన్న గట్క కూడా పిండి జావ కంటే నయం, రవ్వ బరకగా ఉంటుంది. గట్కలో సల్ల పోసుకుని, ముందు గుప్పెడు ఉడికిన శనగలు తినండి.

ఇక ఆ డబ్బా. మెంతుల మీద మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలోనే 1980లు, 90లలో మంచి పరిశోధనలు జరిగాయి. షుగర్ తగ్గింది, నిజమే. కానీ అక్కడ వాడింది రోజుకు 25 గ్రాములు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ. ఒక చెంచా మెంతులు నాలుగు గ్రాములే ఉంటాయి. పౌడర్‌లో పది రకాలు కలిపి రోజుకో చెంచా తినమంటే అందులో మెంతులు ఎన్ని గింజలు వస్తాయి? మెంతులు కావాలంటే కిరాణా కొట్టులో కొనుక్కుని, రెండు చెంచాలు నానబెట్టి, భోజనానికి ముందు నమిలి తినండి. క్రోమియం లోపం చాలా అరుదు, లోపం లేనివాళ్లు మింగితే షుగర్ తగ్గుతుందని గట్టి రుజువు లేదు. మెగ్నీషియం తక్కువున్నవాళ్లు షుగర్ పేషెంట్లలో ఎక్కువే, అది ఆకుకూరల్లో, పల్లీల్లో, నువ్వుల్లో, పప్పుల్లో దొరుకుతుంది. మీకు నిజంగా చూసుకోవలసిన పోషకం ఇంకొకటుంది, బి12. మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడితే అది తగ్గుతుంది. అరికాళ్లలో తిమ్మిర్లుంటే షుగర్ వల్లేననుకుని ఊరుకోకుండా ఈసారి ఆ పరీక్ష రాయమని అడగండి.

పొడపత్రి, సప్తరంగి ఉత్తవి అని నేననను. సప్తరంగిలో పిండిని చక్కెరగా విడగొట్టే ఎంజైములను ఆపే పదార్థాలున్నాయి. మీ డాక్టరు రాసిన వోగ్లిబోస్ చేసేదీ సరిగ్గా అదే పని. తేడా ఒకటే. మాత్రలో మందు ఎంతుందో రేకు మీద రాసి ఉంటుంది, ప్రతి మాత్రలో అంతే ఉంటుంది. పౌడర్‌లో ఎంతుందో మీకూ తెలియదు, మీ డాక్టరుకూ తెలియదు. మూలికల పేరుతో అమ్మే షుగర్ పౌడర్లలో లేబుల్ మీద రాయకుండా ఇంగ్లిష్ మందులు కలిపిన సంగతులు చాలా దేశాల్లో బయటపడ్డాయి. మీరు ఇప్పటికే గ్లిమెపిరైడ్ వేసుకుంటున్నారు. దాని మీద అలాంటిది పడితే షుగర్ ఒక్కసారిగా కిందికి పోతుంది. డబ్బా మూత తీయకపోతే తిరిగి ఇచ్చేయండి. పక్కింటామె మీ మంచి కోరే తెచ్చింది, ఆమెకూ ఈ సంగతి చెప్పండి.

మందుల విషయంలో ఇది జాగ్రత్తగా చదవండి. నేను చెప్పినట్టు అన్నం, చపాతీలు తగ్గిస్తే మీ గ్లిమెపిరైడ్ మోతాదు మీకు ఎక్కువైపోవచ్చు. ఆ మాత్ర మీరు తక్కువ తిన్నా అంతే ఇన్సులిన్ పిండుతుంది. కాబట్టి తిండి మార్చే ముందే మీ డాక్టరుకు ఒక్క మాట చెప్పండి, మొదటి రెండు వారాలు మెల్లగా తగ్గించండి. కిడ్నీ పరీక్షలు ఏడాదిగా చేయించకపోతే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూపించుకున్నాకే ప్రొటీన్ పెంచండి. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు ఎంత ప్రొటీన్ అన్నది డాక్టరు చెప్పాల్సిన లెక్క.

వోగ్లిబోస్ వేసుకోండి. మాత్ర పెరిగిందంటే మీరు ఓడిపోయినట్టు కాదు. జబ్బు వయసు పెరిగేకొద్దీ క్లోమం అలిసిపోతుంది, అది మీ తప్పు కాదు. కూర చేసే పనినే ఆ మాత్ర కూడా చేస్తుంది, రెండూ కలిస్తే ఇంకా మేలు. సరిగ్గా భోజనం మొదలుపెట్టే ముందే వేసుకోవాలి, తిన్నాక వేసుకుంటే దండగ. మొదట్లో కడుపు ఉబ్బరం, గ్యాస్ ఉంటాయి. అదే వారంలో శనగలు, బొబ్బర్లు కూడా ఒక్కసారిగా పెంచితే తట్టుకోలేరు. పీచును వారంవారం పెంచుతూ పోండి, నీళ్లు బాగా తాగండి.

ఇంకొకటి. మధ్యాహ్నం తినగానే మిషన్ మీద కూర్చుంటారనుకుంటాను. పది నిమిషాలు ఆగి, గల్లీలో అటూఇటూ నడిచి రండి. న్యూజిలాండ్‌లో 2016లో 41 మంది షుగర్ పేషెంట్లతో చేసిన పరిశీలనలో, రోజులో ఎప్పుడో అరగంట నడిచినప్పటికంటే ప్రతి భోజనం తర్వాత పది నిమిషాలు నడిచినప్పుడు తిన్నాక షుగర్ సగటున 12 శాతం తగ్గింది. రాత్రి భోజనం తర్వాత అంతకంటే ఎక్కువే తగ్గింది. నడుస్తున్న కాళ్ల కండరాలు ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే చక్కెరను లాక్కుంటాయి. ఇందుకోసం భద్రకాళి బండ్ దాకా వెళ్లనక్కర్లేదు.

మీటరు ఉంటే వారం రోజులు రాసి పెట్టండి. ఒకే భోజనం, ఒక రోజు పాత వరస, ఒక రోజు కొత్త వరస, మొదటి ముద్దనుంచి రెండు గంటలకు. చేతులు సబ్బుతో కడుక్కుని తుడుచుకున్నాకే గుచ్చుకోండి, వేలికి పండు రసం అంటుకుని ఉన్నా అంకె ఎక్కువ చూపిస్తుంది. ఆ కాగితం డాక్టరుకు చూపిస్తే మందు తగ్గించాలో పెంచాలో వారికి తేలిగ్గా తెలుస్తుంది. మూడు వారాల తర్వాత కూడా 180 దాటుతూనే ఉంటే మళ్లీ కలవండి.

చివరగా ఒక జాగ్రత్త. చెమటలు పట్టి, చేతులు వణికి, గుండె దడదడలాడితే షుగర్ 70 కిందికి పోయిందేమో చూసుకోవాలి. అప్పుడు అందరూ చక్కెరో బెల్లమో నోట్లో వేసుకుంటారు. వోగ్లిబోస్ వేసుకుంటున్నవాళ్లకు అది అక్కరకు రాదు. చక్కెర విరగకుండా ఆ మాత్రే ఆపుతుంది కాబట్టి ఆలస్యమవుతుంది. మందుల దుకాణంలో దొరికే గ్లూకోజ్ పొడే కావాలి. 15 గ్రాములు, అంటే మూడు నిండు చెంచాలు నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోండి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే తాగండి. ఒక గ్లూకోజ్ ప్యాకెట్ వంటింట్లో, ఒకటి మీ కుట్టుమిషన్ సొరుగులో పెట్టుకోండి. అది ఎక్కడుందో, ఎప్పుడు ఇవ్వాలో ఇంట్లోవాళ్లకు ఈ రోజే చూపించండి.